అలలతో కరెంటు: మన ఎణ్ణూరు సముద్రంలో తేలే దీపం

తిరుత్తణి కొండెక్కితే సముద్రం కనబడదు గాని, మన తిరువళ్లూరు జిల్లాకూ తీరం ఉంది. పళవేర్కాడు (మనవాళ్ల ప్రళయ కావేరి), కాట్టుపల్లి, ఆ పక్కనే ఎణ్ణూరు కామరాజర్ రేవు. ఆ రేవు దగ్గరే చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ (ఎన్‌ఐఓటీ) ఓడలకు దారి చూపే ఒక బోయ్‌ను పరీక్షించింది. దాని దీపానికి కావలసిన కరెంటును అలల నుంచి అదే తయారు చేసుకుంటుంది.

గ్లాసును బోర్లించి నీళ్లలో పైకీ కిందికీ ఆడిస్తే లోపలి గాలి నలుగుతుంది కదా, కీలకం అదే. తేలే గొట్టంలో అలతో పాటు నీరు లేచిపడుతుంటే, పైనున్న గాలి టర్బైన్‌ను తిప్పుతుంది. ఆ కరెంటు బ్యాటరీలో చేరుతుంది. ఈ గొట్టం నోరు అలకు ఎదురుగా కాక వెనక్కి తిరిగి ఉంటుంది. ఈ పద్ధతికి ఆద్యుడు జపాన్‌కు చెందిన యోషియో మసుదా.

ఇంత చిన్న పనికేనా అనిపించవచ్చు. లెక్క వేసి చూద్దాం. అల ఎత్తును అదే ఎత్తుతో గుణించి, రెండు అలల మధ్య వ్యవధితో మళ్లీ గుణించి, సగం చేస్తే ఒక మీటరు వెడల్పు అలలో ఎన్ని కిలోవాట్లు ఉన్నాయో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. మీటరు ఎత్తు, 8 సెకన్ల వ్యవధి అయితే 4 కిలోవాట్లు. ఎత్తు రెట్టింపైతే 16. తుపానులో 6 మీటర్ల అల 10 సెకన్లకొకటి వస్తే 180. మామూలు రోజుల్లో దొరికేది కొద్ది, తట్టుకోవలసింది బోలెడు. పక్కనే వల్లూరు బొగ్గు కేంద్రం 1,500 మెగావాట్లది. మన తీరంలో అలలు దానికి పోటీ రావు, దీపానికి మాత్రం చాలు.

అందుకే ఇనుము కొనక ముందే కంప్యూటర్‌లో పరీక్షిస్తారు. క్యాపిటైన్, నెమో ఉచితంగా దొరుకుతాయి. తేలే వస్తువును అల ఎంత బలంగా నెడుతుందో ఇవి లెక్కిస్తాయి. అమెరికా ప్రభుత్వ ప్రయోగశాలల వెక్-సిమ్ కూడా ఉచితమే, కాని దాన్ని నడిపే మ్యాట్‌ల్యాబ్‌కు డబ్బు కట్టాలి. ఆ తర్వాత తొట్టిలో చిన్న నమూనా. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు: 25వ వంతు నమూనాలో ఒక వాటు వస్తే, అసలు యంత్రంలో అది 25 వాట్లు కాదు, సుమారు 78 కిలోవాట్లు. కొలతలో చిన్న పొరపాటు కూడా అంతే పెరుగుతుంది.

కేరళలోని విళింజంలో ఐఐటీ మద్రాసు 1991లో కట్టిన 150 కిలోవాట్ల కేంద్రం ఇప్పుడు పనిచేయడం లేదు. అదే ఐఐటీ 2022 నవంబరులో తూత్తుకుడి తీరానికి 6 కిలోమీటర్ల దూరంలో సింధుజ-1ను పరీక్షించింది. మన జిల్లా ఇంజినీరింగ్ పిల్లలు ప్రాజెక్టు అంశం వెతుక్కుంటుంటే ఎణ్ణూరు బోయ్‌తో మొదలుపెట్టమంటాం. మెగావాట్ల కలను తర్వాత చూసుకోవచ్చు.