కోటా రామస్వామి: రెండు ఆటల్లో దేశానికి ఆడిన తెలుగువాడు

ఆటల విషయంలో తల్లిదండ్రులు వైద్యుణ్ణి అడిగే ప్రశ్న మారింది. "మా వాడు ఆడుకోవచ్చా డాక్టరు గారూ?" అని అడిగే కాలం పోయి, "ఏ ఆటలో చేరిస్తే పైకి వస్తాడంటారు?" అని అడిగే కాలం వచ్చింది. అమలాపురం బిడ్డ రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్ 2022లో థామస్ కప్పు గెలిచిన జట్టులో ఉండి, 2023 ఆసియా క్రీడల్లో బ్యాడ్మింటన్ డబుల్స్ స్వర్ణం అందుకున్న తరువాత మన గోదావరి జిల్లాల్లో ఈ ఆశ మొలకెత్తడం సహజమే. అయితే ఏడెనిమిదేళ్ల పిల్లవాణ్ణి ఒకే ఆటకు కట్టివేయడం మంచిదా? ఈ ప్రశ్నకు జవాబు వెతికేవారు ఒక తెలుగు క్రీడాకారుని జీవితం తెలుసుకోవాలి. ఆయన పేరు కోటా రామస్వామి. డేవిస్ కప్ టెన్నిస్‌లోనూ, టెస్టు క్రికెట్‌లోనూ భారతదేశానికి ఆడిన ఏకైక వ్యక్తి ఆయనే.

ఆటల ఇంట పుట్టుక

రామస్వామి 1896 జూన్ 16న మద్రాసులో జన్మించారు. తండ్రి బుచ్చిబాబు నాయుడుగా పేరొందిన వెంకట మహీపతి నాయుడు. దక్షిణ భారత క్రికెట్‌కు పితామహుడని చరిత్రకారులు గౌరవించే తెలుగు ప్రముఖుడు. తెల్లవారి క్లబ్బులో భారతీయులకు సమాన మర్యాద దక్కని ఆ రోజుల్లో, మనవారు తలెత్తుకుని ఆడుకోవడానికి 1888లో మద్రాస్ యునైటెడ్ క్లబ్‌ను స్థాపించారు. భారతీయులకూ యూరోపియన్లకూ మధ్య జరగవలసిన తొలి ప్రెసిడెన్సీ పోటీకి ఏర్పాట్లు చేస్తూ, అది మొదలుకాకముందే 1908 డిసెంబరులో కన్నుమూశారు. అప్పటికి రామస్వామికి పన్నెండేళ్లు. బుచ్చిబాబు కుమారుల్లో కడపటివాడైన ఆయన తల్లి తరఫువారికి దత్తుడైనందున ఇంటిపేరు కోటా అయింది. ఇంటిపేరు మారినా తండ్రి ఇచ్చిన ఆటల వారసత్వం మారలేదు. అన్నలూ క్రికెటర్లే.

పై చదువుకు కేంబ్రిడ్జి వెళ్లిన రామస్వామికి అక్కడ గుర్తింపు తెచ్చినది క్రికెట్ కాదు, టెన్నిస్. ఆ విశ్వవిద్యాలయం తన శ్రేష్ఠ క్రీడాకారులకిచ్చే 'బ్లూ' గౌరవాన్ని ఆయన టెన్నిస్‌లో పొందారు. భారతదేశం డేవిస్ కప్‌లో అడుగుపెట్టింది 1921లో. ఆ మరుసటి సంవత్సరమే రామస్వామి జట్టులో చేరి, రుమేనియాపై డబుల్స్ గెలిచిన జంటలో ఒకరయ్యారు. తరువాతి పోటీలో స్పెయిన్ చేతిలో భారత్ ఓడింది. అప్పటికి ఆయన వయస్సు ఇరవై ఆరు.

నలభయ్యో ఏట టెస్టు ఆట

స్వదేశానికి తిరిగివచ్చి మద్రాసు ప్రభుత్వ వ్యవసాయ శాఖలో ఉద్యోగంలో చేరారు. మన గోదావరి జిల్లాలు కూడా ఆనాడు ఆ మద్రాసు రాజధానిలోనివే. ఆట ఆయనకు జీవనోపాధి కాదు, ఉద్యోగం చూసుకుంటూనే ఆడేవారు. అయినా ఎడమచేతి బ్యాటు ఎత్తి బంతిని బలంగా బాదే ఆటగాడిగా మద్రాసు ప్రేక్షకుల అభిమానం పొందారు. టెన్నిస్ కోసం క్రికెట్‌ను గానీ, క్రికెట్ కోసం టెన్నిస్‌ను గానీ విడిచిపెట్టలేదు.

1936లో ఇంగ్లండు వెళ్లే భారత క్రికెట్ జట్టుకు ఆయన ఎంపికయ్యారు. ఆ జట్టు నాయకుడు విజయనగరం మహారాజ్‌కుమార్. దేశపు తొలి టెస్టు సారథి, తెలుగు కుటుంబానికి చెందిన సి.కె. నాయుడు కూడా అందులో ఉన్నారు. జట్టులో కలహాలు ముదిరి, లాలా అమర్‌నాథ్‌ను పర్యటన మధ్యలోనే ఇంటికి పంపివేశారు. తొలి టెస్టు ఓడిపోయిన తరువాత, జులై 25న మాంచెస్టర్‌లో మొదలైన రెండో టెస్టులో రామస్వామికి అవకాశం దక్కింది. నలభై ఏళ్లు నిండి అప్పటికి ఐదు వారాలు దాటింది. భారతదేశం తరఫున అంతకన్నా పెద్ద వయసులో తొలి టెస్టు ఆడినవారు ఒక్కరే. ఆయన 1933లో నలభై ఒకటో ఏట ఆడిన రుస్తుంజీ జంషెడ్జీ.

మొదటి ఇన్నింగ్స్‌లో భారత్ 203 పరుగులకే కుప్పకూలింది. అందులో రామస్వామివి 40. ఇంగ్లండు 8 వికెట్లకు 571 పరుగులు చేసింది. 368 పరుగుల లోటుతో బరిలో దిగిన భారత్‌కు విజయ్ మర్చెంట్, ముస్తాక్ అలీ మొదటి వికెట్టుకు 203 పరుగులు జోడించారు. ఆనాటికి మర్చెంట్‌కు ఇరవై నాలుగేళ్లు, ముస్తాక్‌కు ఇరవై ఒకటి. వారి వెనుక వచ్చిన నలభై ఏళ్ల రామస్వామి 60 పరుగులు చేశారు. ఆట డ్రాగా ముగిసింది. తరువాతి టెస్టులో, లండన్ ఓవల్ మైదానంలో, ఆయన 29 పరుగులు చేసి, రెండో ఇన్నింగ్స్‌లో 41తో అజేయంగా నిలిచారు. రెండు టెస్టుల్లో మొత్తం 170 పరుగులు, సగటు 56కు పైన. మళ్లీ టెస్టు ఆడలేదు.

అదే ఓడలో ప్రయాణించిన మద్రాసు ఆటగాడు ఎం.జె. గోపాలన్ కథ కూడా చెప్పుకోదగినది. ఆయన హాకీలోనూ, క్రికెట్‌లోనూ దేశానికి ఆడినవారు. 1936లో బెర్లిన్ ఒలింపిక్స్ హాకీని కాదనుకుని క్రికెట్ పర్యటనను ఎంచుకున్నారు. ఇంగ్లండులో ఆయనకు ఒక్క టెస్టూ దక్కలేదు. బెర్లిన్‌లో ధ్యాన్‌చంద్ జట్టు స్వర్ణం గెలిచింది. రెండు ఆటలు తెలిసినవారికి ఇలాంటి కఠినమైన ఎంపికలు తప్పవు.

ఒక ఆట మరొక ఆటకు ఏమిస్తుంది?

నలభయ్యో ఏట ఇంగ్లండు బౌలర్లను ఎదుర్కొన్న ఆ కంటికీ చేతికీ బలం ఎక్కడిది? టెన్నిస్‌లోనైనా క్రికెట్‌లోనైనా దూసుకువచ్చే బంతిని పసిగట్టి, పాదం కదిపి, సరైన క్షణంలో చేయి ఆడించాలి. చూపుకూ కదలికకూ కుదిరే ఈ పొందికను చిన్నమెదడు అభ్యాసంతో నేర్చుకుంటుంది. రకరకాల ఆటలు ఆడేవారిలో ఈ నేర్పు విస్తరిస్తుంది, శరీర భారం ఒకే కీలు మీద, ఒకే కండరం మీద పడకుండా పంచుకోబడుతుంది.

దీనికి అమెరికాలో ప్రసిద్ధమైన ఉదాహరణ బాబ్ హేస్. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో 100 మీటర్ల పరుగులోనూ, రిలేలోనూ స్వర్ణాలు గెలిచి, మరుసటి ఏడాది డల్లస్ కౌబాయ్స్ జట్టులో వృత్తి ఫుట్‌బాల్ ఆటగాడయ్యారు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ముందుకు పరుగెత్తి, సహచరుడు విసిరిన బంతిని అందుకునేవాణ్ణి రిసీవర్ అంటారు. హేస్ వేగాన్ని ఒంటరిగా ఎవరూ అడ్డుకోలేక, ప్రత్యర్థులు మైదానాన్ని భాగాలుగా పంచుకుని కాపలా కాసే పద్ధతికి మళ్లవలసి వచ్చింది. తొలి ఏడాదే 46 బంతులు అందుకుని 1,003 గజాలు సాధించారు. ఒలింపిక్ స్వర్ణమూ, ఆ ఆటలో అత్యున్నతమైన సూపర్ బౌల్ విజయమూ రెండూ పొందిన మొనగాడు. కానీ ఆట ముగిశాక మద్యం, మాదకద్రవ్యాలు ఆయనను లొంగదీసుకున్నాయి. జైలు శిక్ష కూడా అనుభవించారు. 2002లో, యాభై తొమ్మిదో ఏట, మూత్రపిండాలు విఫలమై మరణించారు.

దేహబలంలో హేస్ ఎవరికీ తీసిపోరు. అయినా వృత్తిగా ఉన్న ఆట ఒక వయసుకు ముగిసినప్పుడు ఆ ఖాళీని ఏదో ఒకటి ఆక్రమిస్తుంది. రామస్వామికి అటువంటి ఖాళీ ఏర్పడలేదు. 1952-53లో వెస్టిండీస్ వెళ్లిన భారత జట్టుకు మేనేజరుగా వెళ్లారు, జాతీయ జట్టు ఎంపికలోనూ పాలుపంచుకున్నారు. డెబ్బయ్యో ఏట వెలువరించిన ఆత్మకథకు 'రాంబ్లింగ్స్ ఆఫ్ ఎ గేమ్స్ అడిక్ట్' అని పేరు పెట్టుకున్నారు. ఆటల వ్యసనపరుడి ముచ్చట్లు అన్నమాట. ఏ వైద్యుడూ మాన్పించవలసిన అవసరం లేని వ్యసనమది.

మన పిల్లలకు ఏం చెప్పాలి?

ఎదిగే పిల్లల ఎముకల చివర మెత్తని ఎదుగుదల పొరలుంటాయి. ఒకే కదలికను ఏడాది పొడవునా వేలసార్లు చేయిస్తే అవి దెబ్బతింటాయి. చిన్న వయసు ఫాస్ట్ బౌలర్ల వెన్నుపూసలో సన్నని పగుళ్లు రావడం వైద్యులకు తెలిసిన విషయమే. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2016లో చెప్పిన సలహా స్పష్టంగా ఉంది. ఒకే ఆటకు పరిమితం కావడాన్ని పదిహేను, పదహారేళ్ల దాకా వాయిదా వేయాలి. వారానికి ఒకటి రెండు రోజులు విశ్రాంతినివ్వాలి. ఏడాదిలో మొత్తం మూడు నెలలు, నెల చొప్పున విడదీసి, ఆ ఆటకు సెలవివ్వాలి.

చెడుగుడు, కర్రాబిళ్ల, కోతికొమ్మచ్చి, కాలువలో ఈత, ఇవన్నీ కలిసిన మన డెల్టా బాల్యం తెలియకుండానే ఈ సలహాను పాటించేది. ఈతకు మాత్రం పెద్దల కాపలా తప్పనిసరి. ఐదు నుంచి పదిహేడేళ్ల పిల్లలకు రోజుకు సగటున గంటసేపు ఒళ్లు అలిసే కదలిక కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాలు. ఉద్యోగం వచ్చిందని మైదానం మరచినవారు రామస్వామి నలభయ్యో ఏటిని తలచుకోవాలి. చాలాకాలం విరామం తరువాత మొదలుపెట్టేవారు రక్తపోటు, మధుమేహం, గుండె పరీక్షలు చేయించుకుని నడకతో ఆరంభించడం క్షేమం.

చివరి అధ్యాయం

1985లో, ఎనభై తొమ్మిదేళ్ల వయసులో, రామస్వామి మద్రాసులోని తన ఇంటి నుంచి బయటికి వెళ్లారు. తిరిగి రాలేదు. ఆ తరువాత ఆయనను ఎవరూ చూడలేదు. క్రికెట్ గ్రంథాలు ఆయన పేరు ఎదుట మరణించినట్లు భావిస్తున్నామని మాత్రమే రాసుకున్నాయి. ఆయన విషయంలో రోగనిర్ధారణ చేయడం నాకు తగదు. కానీ వయోవృద్ధులు దారి తప్పి ఇల్లు చేరలేకపోవడం వైద్యులు తరచుగా వినే దుఃఖం. మతిమరుపు ఉన్నా లేకున్నా, ఎనభై దాటినవారి జేబులో పేరు, ఇంటి ఫోను నంబరు, వాడే మందుల వివరాలున్న చీటీ ఉండాలి. వారి ఇటీవలి ఛాయాచిత్రం ఇంటివారి దగ్గర ఉండాలి. కనబడకపోతే రేపటిదాకా చూడక వెంటనే పోలీసులకు తెలపాలి. 2027లో గోదావరి పుష్కరాలు రానున్నాయి. రాజమహేంద్రవరం ఘాట్ల జనసముద్రంలోకి పెద్దవారిని తీసుకువచ్చే ప్రతి కుటుంబమూ ఈ జాగ్రత్త పాటించాలి.

పిల్లవాణ్ణి నాలుగు ఆటలు ఆడనివ్వండి. నలభయ్యో ఏట మీరూ ఆడండి. ఎనభయ్యో ఏట నడిచేవారి పక్కన ఒకరు నడవండి.