పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ స్వయంచాలిత పరీక్షలు

పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనేది కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ ప్రాంగణంలో 1986లో మొదలైన పరిశోధన నుండి రూపొందిన ఓపెన్ సోర్సు డేటాబేసు సాఫ్టువేరు. దీనిలో ఏ మార్పు చేసినా పాత సౌకర్యాలు చెడలేదని నిర్ధారించుకొనుటకు కంప్యూటరే నడిపే పరీక్షలు ఉన్నాయి. వీటిలో కొన్నింటిని 2006లోను, 2014 తరువాతను కొత్త చట్రాలలోకి మార్చారు.

పాత పద్ధతి

పీజీ రిగ్రెస్ అనే ప్రోగ్రాము ముందుగా వ్రాసి ఉంచిన ఎస్‌క్యూఎల్ ఆదేశాలను నడిపి, వచ్చిన ఫలితాన్ని ఆశించిన ఫలితపు ఫైలుతో పోల్చుతుంది. తేడా ఉంటే పరీక్ష తప్పినట్లు లెక్క. ఉదాహరణకు ఒక పట్టికలో మహానంది, యాగంటి, ఒంటిమిట్ట అనే మూడు వరుసలున్నాయనుకుందాం. ప్రశ్నలో క్రమం (ఆర్డర్ బై) పేర్కొనకపోతే డేటాబేసు వాటిని ఏ వరుసలో ఇచ్చినా సరైన జవాబే. కాని ఫైళ్ళను పోల్చే పరీక్ష దానిని తప్పుగా చూపవచ్చును. అందువలన ఇటువంటి పరీక్షలలో క్రమాన్ని స్పష్టంగా వ్రాయవలసి ఉంటుంది.

మార్పుల చరిత్ర

పీజీ రిగ్రెస్ తొలుత షెల్ స్క్రిప్టుగా ఉండేది. విండోస్‌లో అటువంటి షెల్ సహజంగా లేనందున, 2006లో విడుదలైన 8.2 వెర్షను కొరకు దానిని సీ భాషలో తిరిగి వ్రాశారు. పరీక్షలు మాత్రం అవే. వాటిని నడిపే సాధనమే మారినది.

సర్వరును ఆపి తిరిగి ప్రారంభించుట, రెండు సర్వర్ల మధ్య డేటా నకలు వంటివి ఎస్‌క్యూఎల్ ఆదేశాలతో మాత్రమే పరీక్షించుటకు వీలుకావు. అందుకై 9.4 వెర్షనులో (2014) పెర్ల్ భాషలో వ్రాసే ట్యాప్ పరీక్షలు చేరాయి. ఇవి ఒక్కొక్క పరీక్షకు "సరి" లేదా "సరికాదు" అనే అర్థమిచ్చే ఒక పంక్తిని ముద్రిస్తాయి. 9.6 వెర్షనులో (2016) పరీక్షలోనే సర్వర్లను సృష్టించి నడిపే పెర్ల్ మాడ్యూలు వచ్చినది.

పీజీ అప్‌గ్రేడ్ ఉదాహరణ

పీజీ అప్‌గ్రేడ్ పాత వెర్షనులోని డేటాను కొత్త వెర్షనుకు మార్చే సాధనం. ఇందులో దోషముంటే వాడుకరుల డేటాకే ముప్పు. దీని పరీక్ష యునిక్సు కొరకు షెల్ స్క్రిప్టుగాను, విండోస్ కొరకు వేరుగాను, రెండుచోట్ల ఉండేది. ఒకచోట చేసిన మార్పును రెండవచోట కూడా చేయవలసి వచ్చేది. 15వ వెర్షను (2022) కొరకు ఈ రెండింటి స్థానంలో ఒకే ట్యాప్ పరీక్షను ఉంచారు. అది పాత సర్వరుపై పీజీ రిగ్రెస్‌ను నడిపి డేటాబేసును నింపి, అప్‌గ్రేడుకు ముందు, తరువాత తీసిన నకళ్ళను పోల్చుతుంది. అనగా కొత్త చట్రం పాతదానిని తొలగించక, తనలో ఇముడ్చుకున్నది.

జాగ్రత్తలు

మార్చిన పరీక్ష నెగ్గినంత మాత్రాన మార్పు సరిగా జరిగినట్లు కాదు. పొరపాటున ఏమీ పరీక్షించని పరీక్ష కూడా ఎప్పుడూ నెగ్గుతూనే ఉంటుంది. కావున ప్రోగ్రాములో కావాలని ఒక తప్పు చేర్చి, కొత్త పరీక్ష దానిని పట్టుకొనుచున్నదో లేదో చూడడం మంచి పద్ధతి. పరీక్షలు ప్రోగ్రాములోని ఏయే పంక్తులను తాకుచున్నవో జీకవ్ అనే సాధనంతో మార్పుకు ముందు, తరువాత కొలిచి పోల్చవచ్చును. పంక్తిని తాకినంతనే దాని ఫలితాన్ని సరిచూసినట్లు కాదు గనుక ఈ రెండు పద్ధతులూ అవసరమే.