రేగొండ దాటాక

"పిల్లా, ఎవరో గాలి తీసిండ్రు," అంది అత్తమ్మ.

కారు ఇంకా పూర్తిగా ఆగనేలేదు. స్టీరింగు ఎడమకు గుంజుతుంటే వదిన బ్రేకు మీద కాలు పెట్టకుండా, యాక్సిలరేటరు వదిలేసి, బండి దానంతటది నెమ్మదించేదాకా చక్రాన్ని రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. మొరం మీదకు దించింది. నాలుగు ఇండికేటర్లూ టిక్కుటిక్కుమంటూ వెలగడం మొదలైంది.

2019 డిసెంబరు, ఓ ఆదివారం రాత్రి. తొమ్మిది దాటింది. వదిన నాకు దగ్గరి చుట్టమే కానీ పేరు రాయొద్దంది. పుట్టిల్లు మానుకోట, అత్తిల్లు జనగామ, నర్సు ఉద్యోగం భూపాలపల్లిలో. అత్తను వెంటబెట్టుకుని జనగామ నుంచి డ్యూటీకి తిరిగి పోతోంది. పరకాలలో చాయ్ కోసం పది నిమిషాలు ఆగారు. కారు పక్కన ఇద్దరు పిల్లగాళ్లు నిలబడి ఉండడం అత్తమ్మ చూసింది. ఆమె అనుమానమంతా అక్కడే.

వట్టి అనుమానమని కొట్టిపారేయడానికి లేదు. అంతకు కొద్ది రోజుల ముందే, నవంబరు 27 రాత్రి, శంషాబాద్ దగ్గర తొండుపల్లి టోల్‌గేటు వద్ద ఓ పశువైద్యురాలిపై ఘోరం జరిగింది. ఆమె స్కూటీ టైరులో గాలి కావాలనే తీసి, సాయం చేస్తామంటూ దగ్గరికొచ్చారని పోలీసులు చెప్పారు. పట్టుబడ్డవాళ్లు లారీ డ్రైవరు, క్లీనర్లు. ఆ రోజుల్లో తెలంగాణలో ఆడపిల్ల ఉన్న ఏ ఇంట్లోనైనా పంచరు అన్న మాట వింటే గుండె ఆగినంత పనయ్యేది.

అద్దంలో లైట్లు పడ్డాయి. లారీ. బొగ్గు లారీ.

"అద్దం దించకు బిడ్డా!"

లారీ వాళ్లను దాటిపోలేదు. ఇరవై అడుగులు వెనకాలే ఆగింది. డ్రైవరు దిగాడు. నలభై ఏళ్లుంటాయేమో, మెడలో తువ్వాల. వదిన భర్తకు ఫోన్ చేసి, స్పీకరు పెట్టి, డ్యాష్‌బోర్డు మీద ఉంచింది. అత్తమ్మకు చదువు రాదు. వదినే అద్దం రెండు వేళ్ల సందు దించి, వెనక్కి తిరిగి, సెల్లుతో లారీ నంబరు ఫొటో తీయబోయింది. అతను చూశాడు.

"ఆగక్కా. దుమ్ముంది, కనబడది," అని తువ్వాలతో నంబరు ప్లేటు తుడిచి పక్కకు జరిగాడు. "ఇప్పుడు తియ్."

ఆ మాట చెప్పేటప్పుడు వదిన గొంతు ఇప్పటికీ మారుతుంది.

డిక్కీలోంచి స్టెప్నీ తీసింది. (ఈ మాట ఎక్కడిదో తెలుసా? వేల్స్ దేశంలో లానెల్లీ అనే ఊళ్లో స్టెప్నీ వీధి ఉంది. 1904లో డేవిస్ సోదరులు అక్కడే అదనపు చక్రం తయారుచేశారు. వాళ్ల దేశం ఆ పేరు ఎప్పుడో మరిచిపోయింది కానీ మన పంచరు షాపుల్లో రోజూ వినబడుతుంది.) మరుసటేడు జులైలో కేంద్రం నిబంధన మార్చింది. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే చెప్పే మీటరు, పంచరు కిట్టు ఉన్న కార్లకు స్టెప్నీ అక్కర్లేదంది. ఆ చీకట్లో రెండు చేతుల్లో కిట్టు పట్టుకుని నిలబడ్డ మనిషిని ఊహించుకుంటే నాకు ఆ సవరణ మీద అంత గౌరవం కలగదు.

మానుకోట మిర్చిని ట్రాక్టర్‌లో ఎనుమాముల మార్కెట్‌కు తోలిన తండ్రి బిడ్డ ఆమె. దారిలో ట్రాలీ చక్రం మార్చేటప్పుడు నాయిన ముందుగా రాయి వెతికేవాడని గుర్తుంది. కుడి వెనక చక్రానికి రాయి అడ్డం పెట్టింది. హ్యాండ్‌బ్రేకు వేసింది. గేరు మరిచింది. జాకీ పెట్టి తిప్పితే బండి లేవడానికి బదులు జాకీయే మొరంలోకి దిగుతోంది.

అత్తమ్మ వెనక సీట్లోని మూటలు విప్పింది. కొడుకింట్లో జొన్నరొట్టెలు కొట్టడానికి జనగామ నుంచి తెస్తున్న టేకు పీట బయటకు వచ్చింది. దాన్ని జాకీ కింద వేశారు. బండి లేచింది. కానీ పానా పెట్టి బోల్టు తిప్పితే చక్రం కూడా దాంతోపాటే తిరుగుతోంది.

"అక్కా, నేను దగ్గరికి రాను," అని వెనక నుంచి కేక. "ఈడికెళ్లే చెప్త. బండి దించు. గేర్ల పెట్టు. ముందుగాల బోల్టులు లూజు చెయ్, గప్పుడు లేపు."

దించింది. పానా మీద చెప్పులు విడిచి ఎక్కి నిలబడింది. టక్కుమని మొదటి బోల్టు కదిలింది. ఈలోగా అతను తంగేడు కొమ్మలు విరిచి లారీ వెనక రోడ్డు మీద పరిచి వచ్చాడు. హెడ్‌లైట్లు ఆమె చేతుల మీద పడేలా లారీని కొంచెం జరిపాడు. దూరంగా చెల్పూరు థర్మల్ పొగగొట్టాల మీద ఎర్రదీపాలు. కొత్త చక్రం ఎక్కింది.

"ఒక్క బోల్టే పూరాగ టైట్ చెయ్యకు. ఎదురుబొదురు చెయ్. కిందికి దించినంక మళ్ల గట్టిగ గుంజు."

అరగంట పట్టింది. స్టెప్నీలోనూ గాలి తక్కువే. నలభై దాటకుండా నడిపింది. భూపాలపల్లి దీపాలు కనబడేదాకా లారీ వెనకాలే వచ్చి, హారన్ కొట్టి ముందుకు పోయింది. ఎటో బొగ్గు కోసమే అయ్యుంటుంది.

పొద్దున పంచరు షాపుకు అత్తమ్మ కూడా వచ్చింది. "ఎవరన్న గాలి తీసిండ్రా, చూడు నాయనా," అంది. ఆ కుర్రాడు టైరును నీళ్ల తొట్టిలో ముంచి మెల్లగా తిప్పాడు. ఒకచోట సన్నని బుడగలు వరసగా లేచాయి. కటింగ్ ప్లేయరుతో పట్టి లాగితే వేలెడు మేకు వచ్చింది. అరిగి తళతళలాడుతోంది.

"గిదీ పెద్దమ్మా, నీ దొంగ," అని అరచేతిలో పెట్టాడు.

ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. కొంగు చివర ముడేసుకుంది.