భుజం నుంచి వచ్చే గీత

పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చోండి. ఇంకొంచెం ఎడమకి. నా కుడి మోచెయ్యి ఆడటానికి చోటు కావాలి.

కీబోర్డు పక్కకి జరిపేసి దాని చోట్లో పెన్ టాబ్లెట్ పెట్టాను. దీనికి తెర లేదు. చెయ్యి బల్ల మీద కదులుతుంది, గీత ఎదురుగా మానిటర్‌లో పడుతుంది. కొత్తలో మనసు ఒప్పుకోదు, చూపు పదే పదే చేతి మీదికి దిగిపోతుంది. కొన్నాళ్ళు వాడాక చేతి సంగతి గుర్తే ఉండదు.

మానిటర్‌లోకి చూడండి. లేత నీలం గీతల గజిబిజి. బస్టాండు అరుగు మీద కూర్చుని మల్లెపూలు కడుతున్న ముసలమ్మ. ఒక మాసపత్రికలో కథకి వేస్తున్న బొమ్మ. ఇంకా రఫ్ దశలోనే ఉంది. ఒక్క భుజానికే నాలుగు గీతలున్నాయి, ముక్కు రెండు చోట్ల ఉంది, పూలబుట్ట ఎటు ఒరిగిందో తేలలేదు. రఫ్ అలాగే ఉంటుంది, వెతుక్కోవడానికే కదా అది. ఆ నాలుగు భుజాల్లో ఆమెది ఏదో ఇప్పుడు తేల్చాలి. తేల్చి ఒక్క నల్ల గీతలో చెప్పాలి.

తెరిచి ఉన్నది క్రిటా. ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. రఫ్ లేయర్ ఒపాసిటీని బాగా తగ్గించి, పొరపాటున చెయ్యి పడకుండా తాళం వేశాను. దాని మీద ఖాళీ లేయర్ ఒకటి. కాన్వాస్ ఏ4 సైజు, 600 డీపీఐ, అంటే 4960 పిక్సెళ్ళ వెడల్పు, 7016 పిక్సెళ్ళ ఎత్తు. రంగుల బొమ్మకి 300 సరిపోతుంది. ఉత్త నలుపు గీతకి మాత్రం అచ్చులో అంచు పళ్ళు పళ్ళుగా రాకుండా ఉండాలంటే 600 పెట్టుకోవడమే మేలు.

బ్రష్‌ల వరసలో జీ-పెన్ తీసుకుంటున్నాను. జపాన్ మాంగా చిత్రకారులు సిరాలో ముంచి గీసే ఉక్కు పాళీ పేరు అది. నొక్కితే ఆ పాళీ మొన విచ్చుకుని గీత లావవుతుంది, వదిలితే సన్నబడుతుంది. ఇక్కడ విచ్చుకునే పాళీ లేదు, ఆ పనంతా ఒత్తిడి లెక్కలు చేస్తాయి.

పెన్ను ఒకసారి మీ చేతిలోకి తీసుకోండి. ఎంత తేలిగ్గా ఉందో! లోపల బ్యాటరీ లేదు. టాబ్లెట్ లోపల సన్నటి తీగల వల ఉంది, అది అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. పెన్నులోని చిన్న తీగచుట్ట ఆ శక్తినే పుచ్చుకుని తిరిగి పంపుతుంది. ఏ తీగ దగ్గర ఆ బదులు బలంగా అందిందో దాన్నిబట్టి మొన ఎక్కడుందో తెలుస్తుంది. మొన నొక్కుకున్నప్పుడు బదులులో వచ్చే చిన్న తేడాయే ఒత్తిడి కొలత. 1983లో జపాన్‌లో మొదలైన వాకమ్ ఈ పద్ధతికి పేరు తెచ్చింది. ఇప్పుడు హ్యూయాన్, ఎక్స్‌పీ-పెన్ లాంటి చైనా కంపెనీలూ బ్యాటరీ లేని పెన్నులే ఇస్తున్నాయి. ఈ పెన్ను 8192 స్థాయిల ఒత్తిడిని గుర్తుపడుతుంది. అన్ని స్థాయిలు ఏ చేతికీ అందవు. మన చెయ్యి మామూలుగా ఎంత నొక్కుతుందో తెలుసుకుని, సెట్టింగుల్లో ఒత్తిడి వంపుని దానికి తగ్గట్టు మార్చుకుంటే చాలు. నాది తేలిక చెయ్యి, అందుకని కాస్త నొక్కినా గీత నిండుగా వచ్చేలా పెట్టుకున్నాను. ఈ ఒక్కటి సరిచేసుకోకుండా, పరికరమే మంచిది కాదని అటకెక్కించేవాళ్ళని చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

ఇటివ్వండి. ముందు చెయ్యి సాగాలి. ఖాళీ కాన్వాస్ మీద రెండు చుక్కలు పెట్టి, ఒకదాన్నించి రెండోదానికి గీత. మళ్ళీ దూరంగా ఇంకో రెండు. తర్వాత సున్నాలు. సున్నా నిలువుగా సాగినట్టో, అడ్డంగా నొక్కినట్టో వస్తోందంటే చేతిని తిట్టుకోకండి. టాబ్లెట్ కొలతల నిష్పత్తీ మానిటర్ నిష్పత్తీ కలవడం లేదని అర్థం. డ్రైవర్‌లో ఆ రెండిటినీ కలపాలి. ఈ సున్నాలు గుండ్రంగానే ఉన్నాయి.

ఇక అసలు గీత. ఆమె వీపు మీదుగా దిగే పైట. మెడ వెనక మొదలై, భుజం మీద ఒంగి, గూనిగా ఉన్న వీపుని పట్టుకుని నడుము దగ్గర కుదురుకుని, అరుగు మీద కుప్పగా పడుతుంది. బొమ్మలో అన్నిటికన్నా పెద్ద గీత ఇదే. ఆమె వయసు, అలసట, పొద్దుటినించీ అక్కడే కూర్చున్న తీరు అన్నీ ఇందులోనే తెలియాలి. ఇది కుదరకపోతే మొహం ఎంత బాగా వేసినా లాభం లేదు.

కాన్వాస్ తిప్పుతున్నాను. క్రిటాలో 4 నొక్కితే ఒక పక్కకి, 6 నొక్కితే రెండో పక్కకి తిరుగుతుంది, 5 నొక్కితే మళ్ళీ నిటారు. ప్రతి చేతికీ నప్పే దిశ ఒకటి ఉంటుంది. నాది కుడి పైనుంచి ఎడమ కిందికి, నా వైపు లాక్కునే దిశ. చేతిని వంకర తిప్పుకుంటూ అవస్థ పడే బదులు కాగితాన్నే తిప్పుకోవాలి. ముసలమ్మ ఇప్పుడు పక్కకి ఒరిగిపోయింది, ఫరవాలేదు.

మణికట్టు చూడండి, కదలడం లేదు. మణికట్టుతో వేస్తే బెత్తెడు దూరం పోగానే గీత దానంతటదే లోపలికి వంగిపోతుంది, ఎముకల అమరిక అలాంటిది. పొడుగాటి గీత మోచేతి నుంచి, వీలైతే భుజం నుంచి రావాలి. చిటికెన వేలికి, ఉంగరం వేలికి తొడిగిన ఈ సగం గ్లవ్ అందుకే. చెమట చెయ్యి పలక మీద అతుక్కోకుండా జారుతుంది.

పెన్ను మొన ఇంకా ఆనలేదు. పలకకి కొంచెం పైన గాల్లో ఉంది, అయినా కర్సర్ తెర మీద కదులుతోంది చూశారా? గాల్లోనే ఆ దారంట ఒకసారి వెళ్ళొచ్చాను. ఇంకోసారి. నా కళ్ళు మొన మీద లేవు. గీత ఎక్కడ ఆగాలో ఆ చోట, అరుగు అంచు దగ్గర ఉన్నాయి. చెయ్యి ఊపులో ఉండగానే మొన ఆనింది. భుజం మీద తేలిక. వీపు వంపులో ఒత్తిడి పెరుగుతోంది, గీత చిక్కబడుతోంది. నడుము. వదులు. చెయ్యి ఆగకుండానే మొన లేచింది.

నడుము దగ్గర లోపలికి పోయింది. కంట్రోల్ జెడ్. మళ్ళీ గాల్లో ఒకసారి, మళ్ళీ భుజం, వీపు... ఇప్పుడు బరువు ఎక్కువైంది. కంట్రోల్ జెడ్. ఊపిరి వదిలేస్తూ లాగుతున్నాను... ఇదిగో. ఇది ఆమె వీపే. మొదలు సన్నగా, మధ్యలో నిండుగా, చివర మళ్ళీ సన్నగా. ఎక్కడా అతుకు లేదు.

వెనక్కి తీసుకునే వీలు పెద్ద వరమే, నేను దాన్ని ధారాళంగా వాడతాను. కాకపోతే ప్రతిసారీ ఎందుకు చెరుపుతున్నానో నాకు తెలియాలి. ఏదో ఒకటి తగలకపోతుందా అని వేసుకుంటూ పోతే చెయ్యి నేర్చుకునేదేమీ ఉండదు. శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్ళ దగ్గర కాసేపు నిలబడితే ఈ మాట అర్థమవుతుంది. వెదురు కలం మొనకి కాస్త పైన ఉన్ని చుట్టి, దారంతో బిగిస్తారు. ఇనుప తుక్కు, బెల్లం కలిపి పులియబెట్టిన నీళ్ళలో ముంచి, ఆ ఉన్నిని వేళ్ళతో నొక్కుతూ గీత లావూ సన్నం చూసుకుంటారు. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద ఆ నలుపు పడిందంటే పడినట్టే. ముందు చింతబొగ్గుతో రఫ్ వేసుకుంటారు, ఆ తర్వాత కలం ఆనించేముందు గీత ఎటు పోవాలో పూర్తిగా తెలిసి ఆనిస్తారు. వాళ్ళ వేళ్ళు ఉన్నిని నొక్కే పనే నా పెన్ను మొన చేస్తోంది. ఆ తెలియడం మాత్రం ఏ పెన్నూ చేసిపెట్టదు.

స్టెబిలైజర్ ఉంది కదా అంటారేమో. ఉంది. క్రిటాలో పెట్టి చూపిస్తాను, చూడండి. కర్సర్ చుట్టూ చిన్న వలయం వచ్చింది. చెయ్యి ఆ వలయం దాటితే గానీ గీత కదలదు, వెనకాల నిదానంగా ఈడ్చుకుంటూ వస్తుంది. వణుకుల్ని సగటు చేసి నున్నగా మారుస్తుంది. బుట్ట అంచులాంటి పెద్ద గుండ్రానికి పెట్టుకుంటాను, బస్సు టైరుకీ పెట్టుకుంటాను. అదే ఆమె వీపుకి పెట్టి లాగితే ఏమవుతుందో చూడండి. వణుకు పోయింది. దానితోపాటు భుజం ఎముక దగ్గర ఉండాల్సిన ఆ చిన్న మలుపూ పోయింది. అది చేతి వణుకో, నేను కావాలని పెట్టిన మలుపో యంత్రానికి తెలిసే దారి లేదు. రెండిటినీ ఒకే తీరున చదును చేస్తుంది. బాగా పెంచిన స్టెబిలైజర్‌తో ఎవరు వేసినా గీతలన్నీ ఒకే చెయ్యి వేసినట్టుంటాయి, నాకు అది నచ్చదు.

అలమరలో ‘బుడుగు’ ఉంది, తీయండి. ఏ పేజీ అయినా సరే. 1933లో నరసాపురంలో పుట్టి, 2014లో వెళ్ళిపోయేదాకా బాపు గారు వేసిన వేల బొమ్మల్లో ఇవి కొన్ని. గీత ఎక్కడ లావెక్కింది, ఎక్కడ పలచబడింది, ఎక్కడ అసలు లేకుండా పోయిందో వేలు పెట్టి చూడండి. లేని చోట కూడా మన కన్ను దాన్ని పూర్తి చేసుకుంటోంది. దాని పక్కనే పాత చందమామలో శంకర్ గారి విక్రమార్కుణ్ణి పెట్టి చూడండి, చేతిలో కత్తి, భుజాన శవం. అక్కడ గీతలు దట్టం, ఇక్కడ పొదుపు. రెండు చోట్లా తడుముకున్న గీత కనబడదు. శుభ్రమైన లైన్ ఆర్ట్ అంటే నాకు అదే, నున్నదనం దాని తర్వాత.

ఇప్పుడు వేళ్ళ దగ్గరికి వస్తున్నాను. ఎక్కువ జూమ్ చేయను. నాలుగు వందల శాతానికి వెళ్ళి వెంట్రుకవాసి గీతలు సరిచేసుకుంటూ కూర్చుంటే, పత్రికలో అరచేతి వెడల్పున అచ్చయ్యేసరికి అవన్నీ మరకలైపోతాయి. పోనీ గీత బాగుంటుందా అంటే, అంత దగ్గరగా వేసింది ముక్కలు ముక్కలుగా ఉంటుంది. చెయ్యి సాగడానికి వీలుండేంత దూరంలోనే ఉండాలి.

ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు పూల కాడల్ని పట్టుకున్నాయి. దారం ఒక చివర కాలి బొటనవేలికి చుట్టి ఉంది, రెండో చివర కుడిచేతిలో ముడి పడబోతోంది. అన్నిటికన్నా ముందున్నది చేతి బొటనవేలు కాబట్టి ముందు అదే వేస్తాను. గోరు, కణుపు దగ్గర చిన్న ముడత. తర్వాత దాని వెనకున్న మొగ్గలు. మొగ్గ గీతని వేలి లోపలికి కావాలనే కొంచెం పోనిచ్చాను. ఇప్పుడు కీబోర్డులో ఇంగ్లీషు ‘ఈ’ నొక్కితే బ్రష్ ఎరేజర్ అవుతుంది, దాటిపోయినదాన్ని చెరిపేశాను. వేలి దగ్గరికి వచ్చి భయపడుతూ ఆగిన గీతకీ, దాటి వెళ్ళాక కోసిన గీతకీ తేడా చూడండి. రెండోదాంట్లో ఊపు చివరిదాకా ఉంటుంది.

మొగ్గ వేలి కిందికి దూరే మూలలో గీతని పిసరంత చిక్కబరిచాను, అక్కడ నీడ ఉంటుంది కదా. వెలుతురు కుడివైపు నుంచి వస్తోంది, అందుకని ప్రతి మొగ్గకీ ఎడమ గీత లావు, కుడి గీత సన్నం. ఇక దారం. బొమ్మ మొత్తంలో ఇదే అతి సన్నటి గీత. కాలి వేలి నుంచి చేతిదాకా ఒక్క లాగుడు, వేగంగా. స్కేలు పెట్టి గీస్తే కరెంటు తీగలా ఉంటుంది. చేతితో లాగితే బిగుతు తెలుస్తుంది.

గరగరమని చప్పుడు వినిపిస్తోందా? మొన అరిగింది. ఒక పక్కకి చదునైపోయి పలకని గీరుతోంది, ఇలాగే వాడితే గీతలు పడతాయి. పెట్టెలో ఇంకో మొన ఉంది, పట్టకారుతో పాతది లాగి ఇది గుచ్చితే సరి.

ఇప్పుడు రఫ్ లేయర్ పక్కనున్న కన్ను గుర్తు మీద నొక్కుతున్నాను. నీలం మాయమైంది. ఉత్త నలుపు మిగిలింది. ఈ క్షణం నాకు ఎప్పుడూ బెరుకే. రఫ్‌లో నాలుగు భుజాలుంటే చూసే కన్ను తనకి నచ్చింది ఏరుకుంటుంది, అందుకే రఫ్ అంత ప్రాణంతో కనిపిస్తుంది. ఇప్పుడు ఏరుకునే వీలు లేదు, నేను ఏరి పెట్టిందే ఉంది. వీపు బాగుంది. వేళ్ళు బాగున్నాయి. దవడ దగ్గర మాత్రం జీవం లేదు. ఎందుకో తెలుసా? అక్కడ గీయలేదు, దిద్దాను. నీలం గీత మీద మొన పెట్టి, అది ఎటు తీసుకెళ్తే అటు నెమ్మదిగా పోయాను. బడిలో అక్షరాలు దిద్దడానికి అది సరే. దవడని దవడలా తలుచుకుంటూ, లోపలి ఎముకనీ జారిన చర్మాన్నీ ఊహిస్తూ వేయాలి. రఫ్ కనపడకుండానే ఉంచి మళ్ళీ వేస్తున్నాను. చెవి కింద మొదలు, గడ్డం దగ్గర ఆఖరు. ఆఁ, వచ్చింది.

ఎమ్ నొక్కితే బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. తిప్పగానే ఎడమకన్ను కిందికి జారినట్టు తెలిసిపోయింది. లాసోతో దాని చుట్టూ గీసి పైకి జరిపాను. మళ్ళీ ఎమ్.

చీరలో బకెట్ టూల్‌తో రంగు పోసి చూద్దాం. అదిగో, మోచేతి దగ్గర సందులోంచి కారి అరుగంతా పాకింది. రంగులేసే బొమ్మయితే ఆ సందు మూసేయాలి, లేకపోతే తర్వాత నరకమే. ఇది నలుపు తెలుపులో వస్తుంది. మోచేతి మీద ఎండ పడుతోంది కాబట్టి గీత అక్కడ తెగిపోవాలనే వదిలాను. రంగు వెనక్కి తీసేస్తున్నాను, సందు అలాగే ఉంటుంది.

బుట్ట మీద పరిచిన అరిటాకు అంచు ఒక్కటే మిగిలింది. కొత్త లేయర్ తీశాను, మీరేం చేసినా కింది బొమ్మకి ఏమీ కాదు. ఇటు రండి, నా కుర్చీలో కూర్చోండి. గ్లవ్ తొడుక్కోండి. రఫ్ మళ్ళీ వెలిగించాను, ఒకసారి చూసుకోండి. ఆకు బుట్ట అంచు దాటి వేలాడుతోంది, చివర చిరిగింది. చూశారా? ఇప్పుడు ఆర్పేస్తున్నాను. మొన ఆనించకండి, ముందు గాల్లో. ఎక్కడ ఆగాలో అక్కడ చూడండి, చేతికేసి కాదు. మణికట్టు బిగించండి. భుజం నుంచి... ఊఁ, లాగండి!