కె సె బాయన్ తోదోస్: ఒక క్రియారూపం వీధికెక్కిన కథ

స్పానిష్ నేర్చుకునేవాళ్ళు కొన్నాళ్ళకు ఒక పాఠం దగ్గర నీరసపడతారు. వర్తమాన కాలపు సబ్జంక్టివ్ లో ఆత్మార్థక క్రియలు వాడటం ఆ పాఠం. మే, తే, సె, నోస్ అంటూ పట్టికలు వల్లె వేయాలి. అమెరికాలో ఉంటూ స్పానిష్ చదువుకున్న నాకు ఈ పాఠాన్ని పట్టికలకంటే బాగా నేర్పింది నాలుగు మాటల నినాదం. 2001 డిసెంబరులో అర్జెంటీనా వీధుల్లో పుట్టిన ఆ నినాదం "కె సె బాయన్ తోదోస్". అందరూ వెళ్ళిపోవాలి అని అర్థం. (బ్యూనస్ ఎయిర్స్ వాళ్ళ నోట అది "బాషన్" అవుతుంది.)

ముందు ఈ "సె" సంగతి. తెలుగువాళ్ళకు ఇది కొత్తేమీ కాదు. కడగడం వేరు, కడుక్కోవడం వేరు. పని ఫలం చేసినవాడికే చెందితే మనం "కొను" చేరుస్తాం. స్పానిష్ లో "లాబార్" అంటే కడగడం, "లాబార్సె" అంటే కడుక్కోవడం. కానీ అన్ని చోట్లా "కొను"తో పని జరగదు. "ఈర్" అంటే వెళ్ళడం, "ఈర్సె" అంటే వెళ్ళిపోవడం. ఇక్కడ మనకు కావలసింది "పో". "సె" చేరగానే ఎక్కడికి వెళ్ళారన్న ప్రశ్న వెనక్కి పోయి, ఇక్కణ్ణించి కదిలారన్నదే ముఖ్యమవుతుంది.

రెండోది సబ్జంక్టివ్. జరిగినదాన్ని కాక, జరగాలనుకున్నదాన్ని చెప్పే రూపం ఇది. "సె లాబా" అంటే కడుక్కుంటాడు. "కె సె లాబె" అంటే కడుక్కోవాలి, కడుక్కోనీ. ఒక్క అచ్చు మారింది. ఈ మార్పిడి లాటిన్ నుంచి వచ్చిన ఆస్తి. లాటిన్ లో "లవత్" అంటే కడుగుతాడు, "లవెత్" అంటే కడగాలి. జెండాల మీద కనిపించే "వివా" కూడా ఈ కుటుంబపు మాటే. బతుకుతాడు అన్నది "బీబె" అయితే, బతకాలి, వర్ధిల్లాలి అన్నది "బీబా". మన ఊరేగింపుల్లో "వర్ధిల్లాలి", "నశించాలి" అని అరిచేటప్పుడు "ఆలి" చేసే పనినే అక్కడ ఈ అచ్చు చేస్తుంది.

ఇక "సె" ఎక్కడ కూర్చోవాలి? మధ్యయుగపు స్పానిష్ లో ఇలాంటి చిన్న సర్వనామాలు వాక్యం మొదట్లో నిలబడేవి కావు, క్రియ వెనక్కి చేరేవి. ఈనాటి నియమం వేరు. మామూలు క్రియ అయితే ముందు, ఎదుటివాళ్ళకు చేయమని ఇచ్చే ఆజ్ఞ అయితే వెనక. అందుకే "బాయన్సె" అంటే మీరు వెళ్ళిపొండి. "కె సె బాయన్" అంటే వాళ్ళు వెళ్ళిపోవాలి. రెండింట్లోనూ క్రియ "బాయన్" ఒక్కటే. "సె" కుర్చీ మారిందంతే. ఆ మార్పుతోనే ఎదుట నిలబడ్డ మనిషి మాయమయ్యాడు.

అర్జెంటీనా అలాంటి రూపాన్ని ఎందుకు ఎంచుకుంది? 1991 నుంచి అక్కడ ఒక పెసోకు ఒక డాలరు అని చట్టం ఉండేది. దశాబ్దం చివరికి మాంద్యం ముదిరింది. నిరుద్యోగం 18 శాతం దాటింది. 2001 అక్టోబరు ఎన్నికల్లోనే ఖాళీ ఓట్లు, చెల్లని ఓట్లు కుప్పలుగా పడ్డాయి. బ్యాంకుల నుంచి జనం డబ్బు తీసేసుకోవడం మొదలుపెట్టారు. దాంతో డిసెంబరు మొదట్లో ఆర్థికమంత్రి దొమింగో కవాయో నగదు తీయడంపై వారానికి 250 పెసోల పరిమితి పెట్టాడు. జనం దానికి "కొర్రలీతో" అని పేరు పెట్టారు, అంటే చిన్న దొడ్డి. బందెలదొడ్డిలో పశువుల్లా వాళ్ళ కష్టార్జితం అందులో చిక్కుకుంది.

డిసెంబరు 19 రాత్రి అధ్యక్షుడు ఫెర్నాందో దె లా రూఆ టీవీలో అత్యవసర పరిస్థితి ప్రకటించాడు. జవాబుగా ఇళ్ళలోంచి గిన్నెలు, గరిటెలు వాయించుకుంటూ జనం బయటికొచ్చారు. మర్నాడు ప్లాసా దె మాయో దగ్గర పోలీసులు విరుచుకుపడ్డారు. ఆ రెండు రోజుల్లో దేశమంతటా 30 మందికి పైగా చనిపోయారు. 20 సాయంత్రం దె లా రూఆ రాజీనామా చేసి, అధ్యక్ష భవనం పైనుంచి హెలికాప్టర్లో వెళ్ళిపోయాడు. తర్వాత రెండు వారాలు తిరక్కుండానే ఆ కుర్చీలో వేరే వేరే మనుషులు కూర్చుని లేచారు. జనవరిలో పెసో-డాలరు ముడి తెగింది.

మన చరిత్రలోని నినాదాలు గుర్తు తెచ్చుకోండి. 1928లో "సైమన్ గో బ్యాక్". 1942లో "క్విట్ ఇండియా". రెండూ ఎదుటివాడి ముఖం మీద చెప్పిన మాటలు. వినాల్సినవాడు ఎవడో తెలుసు, పోవాల్సిన చోటు తెలుసు. బ్యూనస్ ఎయిర్స్ జనానికి ఆ సౌకర్యం లేదు. అధికార పక్షం, ప్రతిపక్షం, న్యాయమూర్తులు, అందరి మీదా విసుగే. ఎవరితో మాట్లాడాలి? అందుకే ప్రథమ పురుషలో, తమలో తాము మాట్లాడుకున్నట్టు అరిచారు.

ఆ రూపంలోనే దాని బలమూ లోపమూ ఉన్నాయని నాకనిపిస్తుంది. "కె"కు ముందు ఉండాల్సిన "మేం కోరుతున్నాం" అన్న వాక్యం లేదు. కాబట్టి ఏ పార్టీవాడైనా, ఏ పార్టీ లేనివాడైనా గొంతు కలపవచ్చు. కానీ వాళ్ళను ఎవరు పంపాలి, తర్వాత ఎవరు రావాలి అన్నదానికి ఆ వాక్యంలో చోటు లేదు. "సె" ఉంది గనుక వాళ్ళంతట వాళ్ళే కదలాలి. వాళ్ళు కదల్లేదు. 2003 ఎన్నికల మొదటి విడతలో ఎక్కువ ఓట్లు తెచ్చుకున్నది ఎవరో కాదు, 1990లలో పదేళ్ళు ఏలిన కార్లోస్ మెనెం. రెండో విడత నుంచి ఆయన తప్పుకోవడంతో, ఒక రాష్ట్రానికి గవర్నరుగా ఉన్న నెస్తోర్ కిర్చ్‌నెర్ అధ్యక్షుడయ్యాడు. పాత రాజకీయం పేర్లు మార్చుకుని కొనసాగింది. 2023లో హావియెర్ మిలే సభల్లో అదే నినాదం మళ్ళీ మోగింది. ఈసారి అది ఒక అభ్యర్థి వెనక నిలబడి అరిచిన మాట.

వ్యాకరణ పుస్తకాలు సబ్జంక్టివ్ ను కోరికలు, సందేహాలు చెప్పే రూపం అంటాయి. ఆ రాత్రి గిన్నెలు వాయించినవాళ్ళకు కోరికలో సందేహమేమీ లేదు. అది నెరవేర్చేవాళ్ళెవరన్నదే సందేహం. ఆ రెండింటినీ కలిపి చెప్పడానికి వాళ్ళ భాషలో ఒక రూపం వందల ఏళ్ళుగా సిద్ధంగా ఉంది.