కొత్త స్పీకరు మారుతుందా, మన చెవి మారుతుందా?

నేను కొత్త స్పీకర్లు కొన్నప్పుడు షాపాయన ఒక మాటన్నాడు: "మొదట్లో కాస్త గరుగ్గా ఉంటుంది సార్, 200 గంటలు మోగనివ్వండి, అదే మెత్తబడుతుంది." నమ్మాను. గంటలు లెక్కపెడుతూ కూర్చున్నాను. ఈలోగా వాపసు గడువు కాస్తా దాటిపోయింది! అందుకే ఈ మాట సంగతేమిటో చూద్దాం.

ఇవాళ మనం వాడే కాయిల్ స్పీకరుకి దారి వేసింది అమెరికాలో రైస్, కెల్లాగ్. 1925లో. ఇందులో ముందుకీ వెనక్కీ ఊగే కోను, దాన్ని పట్టి ఉంచే గుడ్డ, అంచు ఉంటాయి. కొత్త చెప్పు కరిచి కరిచి కాలికి అలవాటైనట్టు, అవి కొంచెం వదులవుతాయి. అంతవరకు నిజమే. 1961లో ఆస్ట్రేలియాలో థీల్, 1970ల్లో స్మాల్ ఇచ్చిన లెక్కలతో ఆ మార్పుని కొలవొచ్చు కూడా. కానీ పెట్టెలో బిగించాక చెవికి తెలిసే తేడా బహు తక్కువ. ఇక కేబుళ్ళంటారా, వాటిలో కదిలే భాగమే లేదు!

మరి మెత్తబడ్డట్టు ఎందుకనిపిస్తుంది? 1915 నుంచి ఎడిసన్ కంపెనీ 'టోన్ టెస్టులు' పెట్టింది. వేదిక మీద గాయని, పక్కన ఫోనోగ్రాఫ్. ఆమె మధ్యలో ఆపేస్తే యంత్రం అందుకునేది. తేడా తెలియలేదని మెచ్చుకున్నవాళ్ళెందరో. ఆ రికార్డులే ఇప్పుడు వినండి, గరగరమంటాయి. రికార్డు మారలేదు, మన చెవి అలవాటు మారింది.

కాబట్టి, కొన్నరోజే బాగా తెలిసిన పాట పెట్టి వినండి. నచ్చకపోతే గడువులోపే వెనక్కిచ్చేయండి. ఉంటానండీ.