వైద్య చరిత్ర పత్రికకు వ్యాస సమర్పణ

వైద్యుల, రోగుల, వ్యాధుల, ఆసుపత్రుల గతాన్ని చారిత్రక ఆధారాలతో చర్చించే వ్యాసాలను, తోటి పరిశోధకుల చేత పరిశీలింపజేసిన తరువాతే ప్రచురించేవి వైద్య చరిత్ర పత్రికలు. వీటిలో మొదటిది ఏదన్న విషయంలో ఏకాభిప్రాయం లేదు. 1790లలో హాలెలో ష్ప్రెంగెల్ వెలువరించిన సంపుటాలను కొందరు, 1846లో బ్రెస్లావులో హెన్షెల్ ప్రారంభించిన 'యానుస్'ను మరికొందరు పేర్కొన్నా, అవి కొద్దికాలమే నడిచాయి కనుక, కార్ల్ సూడ్‌హాఫ్ 1907లో స్థాపించగా మధ్యలో కొంతకాలం ఆగినా నేటికీ వెలువడుతున్న జర్మన్ పత్రిక నుంచి లెక్కించడమే సమంజసంగా తోస్తుంది. హైదరాబాదులో ఉస్మానియా వైద్య కళాశాల వైద్య చరిత్ర శాఖ, డి.వి. సుబ్బారెడ్డి సారథ్యంలో, 1963 నుంచి ఒక బులెటిన్‌ను వెలువరించింది.

పదాల పరిమితి, పాదసూచికల పద్ధతి పత్రికను బట్టి మారతాయి. ఒకే వ్యాసాన్ని ఏకకాలంలో రెండు పత్రికలకు పంపడం నిషిద్ధం. వ్యాసకర్త ఎవరో సమీక్షకులకు, సమీక్షకులెవరో వ్యాసకర్తకు తెలియనివ్వని ఉభయ అజ్ఞాత సమీక్ష ఎక్కువగా అమలులో ఉన్నందున, వ్యాసకర్త తన పాత రచనలను సైతం పరాయివాటిలాగే ప్రథమ పురుషలో ప్రస్తావించాలి.

వైద్యరంగం నుంచి వచ్చిన రచయితలు సాధారణంగా తడబడేది ఆధారాల దగ్గర. ఉదాహరణకు, నిజాం ప్రభుత్వ సేవలోని ఎడ్వర్డ్ లారీ చొరవతో 1888, 1889లలో పనిచేసిన హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు, మత్తులో గుండె కంటే ముందు శ్వాసే ఆగుతుందని తేల్చగా, గుండె లయ తప్పి హఠాన్మరణం సంభవించవచ్చని 1911లో లెవీ ప్రయోగాలు చూపాయి. కేవలం లారీ పొరబడ్డాడని నిరూపించే వ్యాసం చరిత్ర కాదు; ఆ నిర్ణయం నాటి వైద్యులకు ఎందుకు నమ్మదగినదిగా కనిపించిందో, దానికి నిజాం ధనసహాయం, లాన్సెట్ పత్రిక ప్రచారం ఎంతవరకు తోడ్పడ్డాయో మూలపత్రాలతో వివరించినదే చరిత్ర. అలాగే లారీ వద్ద శిక్షణ పొందిన రూపాబాయి ఫర్దూన్జీని ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యురాలిగా పేర్కొనే రచనలు అనేకం ఉన్నా, సమకాలీన నియామక పత్రమో ఆసుపత్రి రికార్డో చూపనిదే సమీక్షకులు ఆ మాటను అంగీకరించడం కష్టం. తొలితరం మహిళా మత్తు వైద్యుల్లో ఒకరు అనడం సురక్షితం.

తొలి ప్రతినే యథాతథంగా స్వీకరించడం అరుదు. సవరణలు కోరినప్పుడు, ఒక్కో అభ్యంతరానికి తీసుకున్న చర్యను, అంగీకరించని చోట అందుకు కారణాన్ని తెలిపే వివరణ పత్రాన్ని కొత్త ప్రతితో జతచేయాలి. చిత్రాలకు అవసరమైన ముద్రణానుమతులు సాధారణంగా వ్యాసకర్తే సంపాదించుకోవాలి.